కృష్ణ తగవులో కక్షిదారు లెవరు?

కృష్ణకును తుంగభద్రకును నడుమ నున్న నేలను మేము నడిగడ్డ యందుము. పటము చూచినవారికి ఇంతకంటె భాగ్యవంతమగు సీమ యుండదని తోచును. ఉత్తరమున కృష్ణ, దక్షిణమున తుంగభద్ర. ఆలంపురమునకు చేరువ కూడవెల్లికడ రెండును కలిసికొనును. అయినను గద్వాల నుండియు, కృష్ణ కావలియొడ్డున నున్న వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలనుండియు కూటికై బొంబాయికిని హైదరాబాదునకును దూరదేశపు టానకట్టల పనులకును పోయిన జనులు 'పాలమూరు లేబరు' అను పేరు మోసిరి. పరుల పొలములకు నీరిచ్చు నానకట్టలకు మట్టి మోసిన చేతులవి. వారి చేలకు మాత్రము కాలువ రాలేదు. వచ్చినచోటను దాని కొసవఱకు నీరు రాలేదు.

నేను బడిపంతులను. సంస్కృతము కొంత, ఇంగ్లీషు కొంత చదివి, యీ సీమయందే యిరువదియేండ్లుగా పాఠములు చెప్పుకొనుచున్నాను. కాలువలో నీ రెంతవఱకు వచ్చినదో తెలిసికొనుటకు నేను కాలువగట్టు నెక్కనక్కఱలేదు. నా హాజరుపట్టీ చూచినచో చాలును. నీరు రాని యేట దసరా దాటిన నెల దినములకే కొసయూళ్ల పిల్లల పేళ్లకెదుట గీతలు మొదలగును. కొందఱు తల్లిదండ్రుల వెంట పోవుదురు. కొందఱు ప్రత్తివిత్తనపు చేలకు పోవుదురు. కావున నదీజలముల తగవు నా బడికి బయటి విషయము కాదు.

ఇటీవల కృష్ణాజలముల ట్రిబ్యునలునకు గడువు మఱల పొడిగింపబడెనను వార్త చదివి నా మిత్రు లిద్దఱు రెండు విధముల మాటలాడిరి. ఒకరు వకీలు. "విషయము న్యాయమూర్తుల ముందున్నది. తీర్పు రానిండు. మన మేమియు ననరాదు" అని వారు. రెండవవారు రాజకీయములందు ఆసక్తి గలవారు. "నీటికి న్యాయమేమిటి? గే టెవని చేత నున్నదో నీరు వానిది" అని వీరు. చదువుకొన్నవారి యిండ్లలో నేడు వినవచ్చు మాట లీ రెండే. రెండును తప్పని నా యభిప్రాయము. రెండవది క్రూరమైన తప్పు. మొదటిది మర్యాదగల తప్పు. మర్యాదగల తప్పునకే యాయు వెక్కువ గనుక, దానిపైనే యెక్కువ వ్రాయుదును.

గేటు చేతనున్నవానిదే నీరను సిద్ధాంతమును మా సీమవారు పలుకుట వింతలలో వింత. గేట్లు మా చేత నెన్నడుండెను? బలమే న్యాయమైనచో అందఱికంటె ముందు చెడువారము మేమే. 2023 నవంబరు 30వ తేదీని, తెలంగాణమున శాసనసభ యెన్నికల దినముననే, నాగార్జునసాగరము ఆనకట్టపై ఆంధ్రప్రదేశము పోలీసులు సగము గేట్లను స్వాధీనపఱచుకొని నీరు వదలిరి. రెండు రాష్ట్రముల పోలీసులును ఎదురెదురుగ నిలిచిరి. వారు మాటలాడుకొన్నదియు తెలుగే. ఆ దృశ్యమును టెలివిజనులో చూచి చప్పట్లు చఱచినవారు రెండువైపులను గలరు.

లోకము కొన్ని తగవులనైనను ఇంతకంటె మేలుగా తీర్చుకొన్నది. అమెరికా అంతర్యుద్ధ కాలమున ఇంగ్లండులో కట్టబడిన 'అలబామా' యను నోడ చేసిన నష్టమునకై యా రెండు దేశములు యుద్ధమునకు దిగక, జెనీవాలో మధ్యవర్తుల ముందు నిలిచినవి. 1872లో తీర్పు ఇంగ్లండునకు ప్రతికూలముగ వచ్చెను. అప్పటికి లోకమున తనంతటి నౌకాబలము లేని యా రాజ్యము ఒకకోటి యేబదియైదు లక్షల డాలర్లు చెల్లించెను. 1899లో హేగునగరమున శాశ్వత మధ్యవర్తిత్వ సభ యేర్పడుటకు ఇట్టి యనుభవములే దారితీసినవి. 1946 నుండి యదే నగరమున అంతర్జాతీయ న్యాయస్థానము పదునైదుగురు న్యాయమూర్తులతో నడచుచున్నది. ఈ సభల కొక లోపము కలదు. రాజ్యములు తాము సమ్మతించిననే గాని వాని నచటికి ఈడ్చుకొని పోవ వీలు లేదు. సింధునది సంధి 1960 నాటిది. దానిననుసరించి కిషన్‌గంగ విషయమున మధ్యవర్తి సభ 2013లో భారతదేశము జలవిద్యుత్తునకై నీరు మళ్లింపవచ్చుననియు, దిగువకు సెకనుకు కనీసము 9 ఘనపు మీటర్ల నీరు విడువవలెననియు చెప్పెను. 2025 ఏప్రిలులో ఆ సంధినే భారతదేశము నిలుపుదల చేసినది. సమ్మతిపై నిలిచిన న్యాయము సమ్మతి తొలగగనే యెట్లు వంగునో చూడుడు.

మన దేశమున రాష్ట్రముల మధ్య నదీతగవులకు ఈ బాధ లేదు. రాజ్యాంగము 262వ అధికరణమును, దాని ననుసరించి 1956లో చేసిన అంతర్రాష్ట్ర నదీజల వివాదముల చట్టమును కలవు. ఒక రాష్ట్రము ఫిర్యాదు చేయును. సంప్రదింపులవలన తీరదని తోచినచో కేంద్రము ట్రిబ్యునలును నియమించును. భారత ప్రధాన న్యాయమూర్తి ముగ్గురు న్యాయమూర్తులను పేర్కొనును. పొరుగు రాష్ట్రము రానొల్ల ననుటకు లేదు. గెజిట్టున ప్రకటింపబడిన తీర్పునకు సుప్రీంకోర్టు డిక్రీతో సమానమగు బలము గలదని 2002 సవరణ చెప్పుచున్నది. హేగులోని న్యాయమూర్తు లసూయపడదగిన యధికారమిది. మా వకీలు మిత్రుని ధైర్యమంతయు నిందుననే యున్నది.

ఇక నా ధైర్యము నడిగడ్డలోనికి రాగానే యెట్లు జాఱిపోవునో చెప్పెదను.

తుంగభద్రా జలములకై మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వములు 1944లో ఒడంబడిక చేసికొనినవి. హైదరాబాదు పక్షమున తలపెట్టిన పనులలో రాజోలిబండ మళ్లింపు పథక మొకటి. ఆనకట్ట రాయచూరు జిల్లా మాన్వి తాలూకాలో. కాలువ యక్కడనుండి గద్వాల, ఆలంపురము భూములకు. అప్పు డంతయు నొకే ప్రభుత్వము క్రిందిది గాన నిందు తప్పేమియు లేదు. తరువాత హైదరాబాదు రాజ్యమే పోయెను. 1948 ఆగస్టులో ఆ రాజ్యము ఐక్యరాజ్యసమితి భద్రతాసంఘమునకు ఫిర్యాదు పంపెను. సెప్టెంబరు 16న దాని ప్రస్తావన వచ్చెను. మఱునాడే యిచట యుద్ధము ముగిసెను. ఆ ఫిర్యాదుపై తీర్మానమే లేదు. నిజాము ప్రభుత్వ మేగినందుకు నేను చింతించువాడను గాను. ఆ పాలనలో మా తాతలు పడిన పాట్లు నే నెఱుగుదును. కాని కక్షిదారు మాయమైనచో వాని వ్యాజ్యమున నిమిడియున్న చిన్నవారి హక్కులేమగునన్న ప్రశ్న అప్పుడే పుట్టినది. 1956 నవంబరు 1న రాయచూరు మైసూరునకును, మహబూబ్‌నగరము ఆంధ్రప్రదేశమునకును పోయెను. కాలువ తల యొక రాష్ట్రమున, తోక మఱియొక రాష్ట్రమున పడెను. సుమారు 143 కిలోమీటర్ల కాలువలో మొదటి 43 కిలోమీటర్లకు చేరువ కర్ణాటకమున నుండగా, 87,500 ఎకరముల ఆయకట్టు కొసవైపున మాకుండిపోయినది. హైదరాబాదు రాజ్యము తలపెట్టిన యెగువకృష్ణ, భీమ పథకములవలన మాకు రాదగిన యాశయు విభజనలో కొట్టుకొనిపోయినది.

1969 ఏప్రిలు 10న బచావత్ గారి యధ్యక్షతను మొదటి కృష్ణా ట్రిబ్యునలు ఏర్పడెను. 1973 డిసెంబరు 24న తీర్పు. 1976 మే 31న గెజిట్టు ప్రకటనము. నూటికి డెబ్బదియైదేండ్లు తప్పక వచ్చు ప్రవాహము 2060 టి.ఎం.సి.లని లెక్కించి, మహారాష్ట్రమునకు 560, కర్ణాటకమునకు 700, ఆంధ్రప్రదేశమునకు 800 పంచిరి. (టి.ఎం.సి. యనగా నూఱుకోట్ల ఘనపు టడుగులు. పత్రికలు దినము నీ మాట వాడును. అర్థము చెప్పిన పత్రిక నరుదుగ చూచితిని.) పొలములనుండి మరల నదికి చేరు నీటిని గూర్చి ఆంధ్రప్రదేశమునకు మఱి 11 కలిపి 811 చేసిరి.

బచావత్ గారిని నేను నిందింపను. వారి తీర్పులో మా సీమను గూర్చి యొక చోట నున్న మాటలు చదివినపుడు నా కన్నులు చెమర్చినవి. ఈ ప్రాంతము హైదరాబాదు రాజ్యమునందే యుండియుండినచో మహబూబ్‌నగరము జిల్లాకు నీటిపారుదల సౌకర్యములు కలుగుట కెక్కువ యవకాశముండెడిదనియు, రాష్ట్రముల పునర్విభజన కారణముగ దానికి లోపము కలుగరాదనియు భావించి, వారు జూరాల పథకమునకు 17.84 టి.ఎం.సి.లు విడిగా నిచ్చిరి. ఆంధ్రప్రదేశ మడిగినంతయు నీయకున్నను, ఈ జిల్లాపేరు చెప్పి యిచ్చినది న్యాయబుద్ధి. రాజోలిబండ కాలువలో మా భాగము 15.9 టి.ఎం.సి.లని నిలిపిరి.

అయిన నేమి? జూరాలకు పునాదిరాయి 1981లో. నీరు పొలములకు పాఱుటకు 1990ల నడిమి వఱకు కాచుకొనవలసి వచ్చినది. తీర్పు వ్రాసినపుడు పాలుత్రాగు పిల్లవాడు నీరు చూచునప్పటికి తండ్రి యయ్యెను. రాజోలిబండయందో, కాగితముపై నున్న 15.9లో సగమైనను మా సరిహద్దు దాటి వచ్చిన యేడు పండుగ వంటిది. తూములు పాతబడినవి, కాలువ పూడినది, పైవారు మోటార్లు పెట్టి తోడుకొందురు. ఆనకట్టను పదునైదు సెంటీమీటర్లు, అనగా జానెడైనను కాని యెత్తు, పెంచుటకు ఏండ్లతరబడి పొసగలేదు; ఆవలియొడ్డున కర్నూలు సీమ రైతులు తమ దిగువ కాలువకు నీరు తగ్గునని భయపడిరి. వారి భయమును నేను పరిహసింపను. వారును రైతులే.

మా పల్లెలలో చెఱువునీటికి నీరటి యుండెడివాడు. ఏ మడికి ఎన్ని జాముల నీరో, ఏ తూ మెప్పుడు తెఱువవలెనో, ఎప్పుడు మూయవలెనో వానిపని. వనపర్తి సంస్థానమున చెఱువులను సముద్రములని పిలుచుట వాడుక. శ్రీరంగాపురమున రంగనాయకస్వామి గుడిని చుట్టియున్న రంగసముద్రమును చూచినవారికి ఆ పేరు గొప్పగా తోచదు. ఆ కాలమున సర్వసమమగు న్యాయ ముండెనని నేననను. దొరవారి మడికి ముందు పాఱెడిది. నీరటికి దక్కినది గింజలును తిట్లును. కాని పంపకము చెప్పి, దానిని నడపు మనిషిని నియమింపకపోవుట యను తెలివితక్కువ పని ఆ దొరలును చేయలేదు. బచావత్ తీర్పునకు నీరటి లేడు. నది నంతటిని నిర్వహించు నొక సంస్థ యుండవలెనని 'బి' యను రెండవ ప్రణాళికను వారాలోచింపక పోలేదు. రాష్ట్రములన్నియు నొప్పుకొనలేదు, పార్లమెంటు శాసనమును చేయలేదు, 'ఎ' ప్రణాళిక మాత్రమే మిగిలెను. ఒప్పుకొనని వారిలో మన ఆంధ్రప్రదేశ ప్రభుత్వమే ముఖ్యము. మిగులు జలములు వాడుకొను స్వేచ్ఛ తనకు 'ఎ' వలన కలిగినది గదా!

ఆ మిగులు జలముల కథయు కొంచెము వినవలయును. ఆంధ్రప్రదేశము వానిని వాడుకొనవచ్చును గాని వానిపై హక్కు కలుగదని తీర్పు. ఆ హక్కులేని నీటిపైననే నాగర్‌కర్నూలు సీమకు కల్వకుర్తి యెత్తిపోతలును, గద్వాలకు నెట్టెంపాడును కట్టబడినవి. రాయలసీమ, నెల్లూరు, ప్రకాశముల కాలువలు కొన్నియు నట్టివే. 2004లో నియమింపబడిన బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునలు 2010 డిసెంబరు 30న మిగులును గూడ మూడు రాష్ట్రములకు పంచివేసెను. 2013 నవంబరు 29న వివరణ తీర్పు నిచ్చెను. 2011 సెప్టెంబరులో సుప్రీంకోర్టు గెజిట్టు ప్రకటనము నాపివేసెను. 2014లో రాష్ట్రము చీలెను. ఆ జూలైలోనే తెలంగాణము తనకు న్యాయమైన భాగము పంచుమని కేంద్రము నడిగెను. ఆ ప్రశ్న ట్రిబ్యునలునకు చేరునప్పటికి 2023 అక్టోబరు వచ్చినది. చట్టముప్రకారము తీర్పునకు గడువు మూడేండ్లు, మఱి రెండేండ్లు పొడిగింపవచ్చును. ప్రశ్న పంపుటకే తొమ్మిదేండ్లు! శాశ్వతమగు నొకే ట్రిబ్యునలు కావలెనని తెచ్చిన సవరణ బిల్లును 2019 జూలై 31న లోకసభ యామోదించెను. రాజ్యసభ దాటకయే ఆ లోకసభతో పాటు మురిగిపోయెను. "తీర్పు రానిండు" అనిన మిత్రున కిది నా మొదటి ప్రత్యుత్తరము.

రెండవది యంతకంటె లోతైనది. అంతర్జాతీయ న్యాయస్థానపు నిబంధనావళిలో 34వ అధికరణ మొకటి కలదు: ఆ సభ ముందు రాజ్యములే కక్షిదారులు కాగలవు. మన 1956 చట్టములో మూడవ సెక్షను కొంత దయగలది. రాష్ట్రమునకే కాక "దాని నివాసులకు" కలిగిన నష్టమునుగూడ పేర్కొన్నది. కాని యా నివాసుల తరపున నోరు విప్పవలసినది ప్రభుత్వమే. ప్రభుత్వము తన నివాసులలో నెవరి నష్టమును చెప్పును? ఎవరి గొంతు గట్టిగ వినబడునో వారిది. బచావత్ తీర్పు 1960 సెప్టెంబరునాటికి నడచుచున్న లేక చేపట్టబడిన పథకములకు రక్షణ నిచ్చినది. నాటిన మడిని ఎండబెట్టరాదనుట న్యాయమే. కాని బెజవాడ ఆనకట్ట 1855 నాటిది. మాకు కాలువ త్రవ్వింపని ప్రభువు చేసిన పాపము మా హక్కుగ లెక్కింపబడదు. ముందు త్రాగినవానికి ముందు హక్కన్నచో, కుండ యందనివాని దప్పి లెక్కకే రాదు. 2015లో రెండు రాష్ట్రముల యధికారులు తాత్కాలికముగ 811ని 512, 299గా పంచుకొన్నది ఈ పాత వాడుకల లెక్కపైననే. అందులకు సంతకము చేసినది మన పక్షమువారును.

ఇచ్చట నొక యాక్షేపణ కలదు, అది బలమైనది. "ప్రతి తాలూకాయు కక్షిదారైనచో వాదము ముగియునా? హేగున హంగరీ, స్లొవాకియా రెండే వాదులు. డాన్యూబునదిపై యానకట్ట విషయమున 1997లో తీర్పు వచ్చెను. మీలో మీరు మాటలాడుకొనుడని న్యాయమూర్తులు పంపిరి. ఇరువదియేండ్లకును పూర్తిగ తెగలేదు. ఇద్దఱితోనే యిట్లుండ, వేయిమంది నెట్లు కూర్చుండబెట్టుదువు?" అని యందురు. నేను వేయిమందిని కూర్చుండబెట్టుమనను. రాష్ట్రమునకు మొత్తముగ నీరిచ్చుటతో పని ముగిసినదనుకొనక, కాలువ కొసకు చేరవలసిన కొలతయు తీర్పులో వ్రాయుడనియు, ఆ కొలతను ఏ రాష్ట్రమునకు చెందని చేతులు కొలువవలెననియు, ఆ లెక్క ప్రతిదినము తెలుగులోను కన్నడములోను తూముకడ వ్రాసిపెట్టవలెననియు నడుగుచున్నాను. జూరాల విషయమున జిల్లాను పేర్కొనుట బచావత్‌గారికి సాధ్యమైనది. అది యొకమాఱు సాధ్యమైనచో రెండవమాఱు నసాధ్యమెట్లగును?

మనవారు తగవును పోషించినంత శ్రద్ధగా కాలువను పోషింపలేదనుటయు నిజము. సభలలో "మా నీరు, మా హక్కు" అను కేకలు నేనును వింటిని. అదే కేక వేసిన పెద్దరైతు మా కాలువపై కొసమళ్లకు పోవు నీటిని రాత్రి తన మడికి మళ్లించుకొనుట నెఱుగుదును. ఎగువ రాష్ట్రముపై మనము మోపు నేరము మన గట్టుమీద మనమే చేయుచున్నాము. దీనిని వ్రాసినచో ఊరిలో నన్ను చూచి మొగము త్రిప్పుకొనువారుందురు, ఇదివఱకే యుండిరి.

గడచిన వేసవిలో ఆ పాత తీర్పులో మా కాలువకు సంబంధించిన పుటలు సంపాదించి, హనుమంతుని గుడి యరుగుపై రైతులకు తెలుగులో చదివి చెప్పితిని. ఇంగ్లీషున నున్న యా పుటలు నలుబదియేండ్లకు పైగా మా బ్రదుకులను నడపుచుండ, వాని నెవరును వారికి విప్పి చెప్పలేదు. అంకెలను గూర్చిన చర్చయు కొంత జరిగెను. ఒక ముదుసలి యవ్వ, కొడుకు లిద్దఱును పూనాలో పనిలో నున్నారు, స్తంభమున కానుకొని యంతయు విని, "పంతులూ, గా కాయితంల మా ఊరి పేరున్నదా?" అని యడిగినది. లేదవ్వా, జిల్లా పేరున్నదని చెప్పితిని. "మరి తూము దెరిచెటోని పేరన్న ఉన్నదా?" అనెను. పుటలు త్రిప్పితిని. అదియు లేదు.

ఆ వారముననే బడిపిల్లలును నేనును కొసతూముకడ రాతిపై అంగుళముల గీతలు రంగుతో గీసితిమి. ప్రతి శనివారము ఇద్దఱు పిల్లలు పోయి నీటిమట్టము చూచివచ్చి యొక పుస్తకమున వ్రాయుచున్నారు. ఆడపిల్లల వంతును కలదు. ఒక ఇంజనీరుగారు ఆ పుస్తకమును చూచి, ఇది సాక్ష్యముగ చెల్లదని నవ్విరి. చెల్లకపోవచ్చును. ఇది చదువు గృహస్థులు, గృహిణులు తమ యూరి కాలువకడ ఇట్టి పుస్తకము నొకటి తెఱచి, దానితోకూడ మీ శాసనసభ్యుని యింటికి పోయి, మన రాష్ట్రము తరపున ట్రిబ్యునలులో దాఖలైన పత్రములలో మీ కాలువ కొసను గూర్చి యే మున్నదో చూపుమని యడుగుడు. మా పుస్తకమున మొదటి పుట దాటి నాల్గవ పుట నడచుచున్నది. గడచిన పుష్య మాఘములలో వరుసగా ఐదు శనివారములు ఆ గడిలో పిల్లలు సున్న వ్రాసిరి.